కూర్చునే పని

ఆ వేసవిలో నేను ఒక మనిషి పొట్ట కొట్టాను. తెలిసే కొట్టాను. చేయి చేసుకోలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడ్డాను, అంతే.

మా ఊళ్ళో రైలు దిగినవాళ్ళు సముద్రం వైపు పల్లెలకు పోవాలంటే అప్పట్లో మూడే దారులు. బస్సు ఉంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కనపడిన ఊరల్లా చుట్టి పోతుంది. దిగేసరికి మనిషికి నడుం ఎక్కడుందో తెలియదు. కాలువలో లాంచీ ఉంది. అది సముద్రపు పోటుకి నీళ్ళు పైకెక్కినప్పుడు కదులుతుంది. ఎవరికోసమూ ఆగదు, ఎవరు చెప్పినా తొందరపడదు. మూడోది వ్యాను. ఉప్పునేలల మీద కాలువ పక్కనే వేసిన రాతికట్ట మీదుగా అడ్డంగా పడి పోతుంది. పోటు వస్తే ఆ కట్ట మునుగుతుంది, పోటు తీస్తే తేలుతుంది. మునిగేలోపు దాటేయాలి.

వ్యాను నిండితేనే కదులుతుంది. కానీ ఖాళీ వ్యాను చూసి ఎవరూ ఎక్కరు. ఇది ఎప్పటికి నిండుతుందిలే అని పక్కకు పోతారు. అందుకని ముందే కొంతమంది ఎక్కి, పోయేవాళ్ళలాగా కూర్చోవాలి. నిజంగా పోయేవాళ్ళు వచ్చేకొద్దీ ఒక్కొక్కరే దిగిపోవాలి. ఆ కూర్చునే పని నాది.

నా మొహం ఆ పనికోసమే పుట్టిందని వ్యాను ఓనరు అనేవాడు. అతన్ని అసలు పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. పొద్దస్తమానం "రైట్ రైట్" అని వ్యాను డొక్క మీద కొడుతుంటాడు కాబట్టి రైట్‌రైట్ అనే అనేవారు. బండీ అతనిదే, తోలేదీ అతనే.

"పిన్నీ, నువ్వు కూర్చుంటే చాలు. ఎవరికో బాగాలేదని కబురొచ్చి పరిగెత్తుతున్నట్టు ఉంటావు. ఆడవాళ్ళు నిన్ను చూసి గబగబా ఎక్కేస్తారు. నవ్వకు మాత్రం, నీకు దణ్ణం పెడతాను" అనేవాడు.

నవ్వడానికి నాకేముంది? నాకు అన్నీ భయాలే. స్టౌ మీద పాలు పెడితే ఇల్లు తగలబడుతుందని భయం. మా ఆయన స్టేషను బయట చెట్టుకింద బ్యాగులకు జిప్పులు వేస్తూ కూర్చుంటాడు, ఆయన దగ్గితే భయం. ఇక వ్యాను సంగతి చెప్పేదేముంది! బ్రేకు పడదేమో, టైరు పేలుతుందేమో, కట్ట కుంగుతుందేమో. మా అమ్మాయి బట్టలు కుట్టగా మిగిలిన పీలికలన్నీ కుక్కిన మూట ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఆ భయాలన్నీ పడుతూ కూర్చునేదాన్ని. సీట్లు నిండగానే, "అయ్యో, ఇంట్లో మర్చిపోయాను" అని ఏదో గొణిగి దిగిపోయేదాన్ని. అన్నేళ్ళూ రోజూ ఆ వ్యాను ఎక్కాను గానీ, అది ఒక్కసారి కూడా నన్ను ఎక్కడికీ తీసుకుపోలేదు. సముద్రం ఏ రంగులో ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

ఆ వేసవి మొదట్లో మా అమ్మాయికి సముద్రపు ఒడ్డున ఆడపిల్లల హాస్టల్లో కుట్టు నేర్పే పని దొరికింది. ఫలానా రోజు మధ్యాహ్నం లోపల వచ్చి చేరాలి, మిషను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి అన్నారు. దానికి చేత్తో తిప్పే మిషను ఒకటి ఉంది. చూడటానికి చిన్నదే, ఎత్తితే నిండుబిందె బరువు.

చేరాల్సిన రోజు పొద్దున స్టాండు దగ్గర, "బస్సులో పోరాదే" అన్నాను.

"బస్సు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుందమ్మా."

"లాంచీ?"

"ఇవాళ పోటు సాయంత్రానికట. నువ్వు రోజూ కూర్చునే వ్యానే కదా, ఎందుకంత కంగారు?"

"కూర్చోవడం వేరు, పోవడం వేరు" అన్నాను.

రైట్‌రైట్ పెద్దగా నవ్వాడు. మిషను తనే ఎత్తి సీటు కింద పెట్టాడు. "నా చెల్లెలి లాంటిది పిన్నీ. హాస్టలు గుమ్మం ముందు దించి, లోపలికి పోయిందాకా చూసి మరీ వస్తాను. సరేనా?"

ఆ రోజు జనం పలచగా ఉన్నారు. ఎవరో ఇద్దరు మగవాళ్ళు, మా పిల్ల, అంతే. అయినా తీశాడు. నా కోసమే తీశానన్నాడు. నేను నమ్మి దణ్ణం కూడా పెట్టాను.

మా ఆయనకు టీ తీసుకెళ్ళి ఇచ్చి, గ్లాసు తిరిగి ఇచ్చేలోపే వ్యాను వెనక్కి వచ్చేసింది. అంత తొందరగా రాకూడదు. దాన్నిండా కొత్త మనుషులు, కళ్ళద్దాలు, సూట్‌కేసులు.

"అప్పుడే వచ్చేశావేం?"

"కట్ట మీద వీళ్ళ కారు ఆగిపోయింది పిన్నీ. రైలు అందుకోవాలట. బతిమాలారు, తిప్పేశాను." అతను నా వైపు చూడలేదు. సూట్‌కేసులు దించుతున్నాడు.

"మా పిల్ల?"

"సగం పైనే వచ్చేశాంగా, నడిచి పోతుందిలే. ఆ ఇద్దరూ తోడున్నారు."

"మిషనుతోనా?"

"పోటుకి ఇంకా టైముంది పిన్నీ. నువ్వు ఊరికే హడావుడి చెయ్యకు, పార్టీ చూస్తున్నారు."

సాయంత్రం లాంచీ వెనక్కి వచ్చిందాకా నేను రేవు మెట్ల మీదే ఉన్నాను. మా ఆయన వచ్చి, "చేరిపోయి ఉంటుందే, నీకు మంచి ఆలోచనే రాదా?" అన్నాడు. రాదు. ఆ రోజు వచ్చినవన్నీ చెడ్డవే, అన్నీ నిజమే అయ్యాయి.

లాంచీ నడిపే పెద్దాయనను ఊళ్ళో అందరూ తాబేలు తాత అంటారు. ఆయనే మా పిల్లను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. రొమ్ముల దాకా తడిసిపోయి ఉంది. ఆ ఇద్దరు మగవాళ్ళూ ముందే గబగబా పోయారట. ఇది మిషను వదల్లేక, పది అంగలకొకసారి దించి ఎత్తుతూ ఆలస్యమైంది. కట్ట మధ్యలో నీళ్ళ లోతు తెలియడానికి ఒక ఎర్ర స్తంభం పాతి ఉంటుంది. నీళ్ళు మోకాళ్ళు దాటేసరికి ఆ స్తంభాన్ని ఒక చేత్తో కౌగిలించుకుని, రెండో చేత్తో నెత్తి మీద మిషను పట్టుకుని నిలబడిపోయింది. లాంచీ కనపడిందాకా అలాగే.

"అరిచావా?" అని అడిగాను.

"ఎవరికి వినబడాలని?" అంది. ఆ వారమంతా అది మాట్లాడింది ఆ ఒక్క మాటే.

హాస్టలు వాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. మిషనుకు ఉప్పునీళ్ళు చిమ్మి, చక్రం బిగుసుకుపోయింది. మా పిల్ల గది దాటి రావడం మానేసింది. మిషను విప్పి, కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క మరా తుడుస్తూ కూర్చునేది. వీధిలో బకెట్టుతో ఎవరైనా నీళ్ళు పారబోస్తే ఉలిక్కిపడేది.

పిల్ల తడిసి వచ్చిన మర్నాడే స్టాండు దగ్గరికి పోయాను. అతను క్షమాపణ చెబుతాడనుకున్నాను. చెబితే ఏడ్చి ఊరుకునేదాన్నేమో, అంత మెతకదాన్ని నేను. కానీ నలుగురి ముందు, టీకొట్టు బల్ల మీద కూర్చుని, "రా పిన్నీ! విన్నారా, మా పిన్ని కూతురు నిన్న సముద్రస్నానం చేసొచ్చింది, అదీ బట్టలతో!" అన్నాడు.

నలుగురూ నవ్వారు. నేను మూట తీసుకుని వ్యానెక్కి కూర్చున్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన, "మళ్ళీ వాడి వ్యానే ఎక్కావంటగా. నీకు పౌరుషం లేదూ?" అన్నాడు.

"నువ్వు నీ జిప్పులు చూసుకో" అన్నాను.

రెండు మూడు రోజులు మామూలుగానే కూర్చున్నాను. సెలవులు మొదలై, చల్లగాలి కోసం సముద్రానికి పోయే జనం రైలు రైలుకీ దిగుతున్నారు. అతనికి ఏడాదిలో నాలుగు రాళ్ళు కనపడేది ఆ రోజుల్లోనే. అంతవరకే ఆగాను.

ఒకరోజు పొద్దున వ్యాను దాదాపు నిండింది. ఇంకొక్కరు ఎక్కితే నేను దిగాలి. పక్కన చంటిబిడ్డతో ఒకావిడ కూర్చుంది. కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అడిగాను:

"బాబూ, ఇవాళ పోటు ఎన్నింటికి?"

రైట్‌రైట్ తెల్లబోయాడు. "చాలా టైముంది. రైట్ రైట్!"

"ఆ రోజు కూడా అలాగే అన్నావు కదా నాయనా. ఇంకెవరైనా పార్టీ ఎదురైతే మధ్యలో దించెయ్యవు కదా?"

పక్కావిడ నా చెయ్యి పట్టుకుంది. "మధ్యలో దించుతాడా?"

"మా పిల్లను దించాడమ్మా" అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. నా మొహం మిగిలింది చెప్పింది. తర్వాత మూట తీసుకుని లేచాను. "నాకు గుండె దడగా ఉంది, నేను లాంచీలో పోతా."

మనిషి ఎక్కడం చూసి మనుషులు ఎక్కుతారని అతనికి తెలుసు, దాని మీదే బతికాడు. మనిషి దిగడం చూసి మనుషులు దిగుతారని ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. చంటిబిడ్డావిడ దిగింది, ఆవిడ వెనక మొగుడు దిగాడు, వాళ్ళ వెనక ఇంకో ముసలావిడ. చూస్తూండగానే వ్యాను సగం ఖాళీ అయిపోయింది. అందరూ బిడ్డలనూ సంచులనూ ఎత్తుకుని నా వెనకే రేవు వైపు నడిచారు. వాళ్ళతోపాటు మెట్ల దాకా పోయి, అక్కడ "అయ్యో, మర్చిపోయాను" అని వెనక్కి తిరిగాను.

మొదట్లో నా పిరికితనం అనుకున్నాడు. బతిమాలాడు. తిట్టాడు. నాలుగోసారి లేచేసరికి అర్థమైంది.

"పిన్నీ, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"సరే నాయనా" అన్నాను. మర్నాటి నుంచి అదే మూటతో రేవులో, లాంచీలో కూర్చున్నాను. వ్యాను స్టాండుకు సరిగ్గా ఎదురుగా, స్టేషను గేటు దాటిన వాళ్ళకు కనపడేలా.

తాబేలు తాత తల గోక్కున్నాడు. "నాది నిండినా నిండకపోయినా పోటుకి కదిలేదే కదమ్మా. నువ్వు కూర్చుని ఏం లాభం?"

"నిండితే నీకేమైనా నొప్పా?"

"నాకెందుకు నొప్పి! కూర్చో, కూర్చో. కాస్త నీడలోకి జరిగి కూర్చో."

రైట్‌రైట్ ఊరుకోలేదు. పెళ్ళాన్నీ బావమరిదినీ తెచ్చి వ్యానులో కూర్చోబెట్టాడు. వాళ్ళకు ఆ పని చేతకాలేదు. బావమరిది బఠాణీలు తింటూ ఆవులించేవాడు. పెళ్ళాం కిటికీలోంచి టీకొట్టు వాడితో ఎకసెక్కాలాడేది. ప్రయాణం పోయే మనుషులు అలా ఉండరు. గడియారం అడుగుతారు, మూట తడుముకుంటారు, పక్కవాళ్ళను "ఇది అక్కడికే పోతుందా?" అని మాటిమాటికీ అడుగుతారు. ఆవిడ నవ్వు వినపడినప్పుడల్లా నాకు లోపల చల్లగా ఉండేది.

అటు మా పిల్ల గదిలో చక్రం ఇంకా బిగుసుకునే ఉంది. రోజూ ఇంటికి పోగానే ముందు ఆ గుమ్మం దగ్గర చెవి పెట్టేదాన్ని. గుడ్డతో రుద్దుతున్న చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడు, రేపు కూడా పోతాను, రేపు కూడా కూర్చుంటాను అనుకునేదాన్ని.

సెలవులు సగం అయ్యాక ఒక సాయంత్రం రైట్‌రైట్ మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నా మీద ఎందుకింత కక్ష పిన్నీ? నీకేం తక్కువ చేశాను?"

మా ఆయన నోరు తెరవబోయాడు, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకేం చెయ్యలేదు. లోపల పిల్ల ఉంది. దానితో ఒక మాట చెప్పు."

అతను లోపలికి తొంగి చూశాడు. మా పిల్ల నేల మీద పాత గుడ్డ పరిచి, దాని మీద మరలన్నీ పేర్చుకుని కూర్చుంది. తల ఎత్తి అతన్ని చూసింది. చేతిలో గుడ్డ అలాగే ఆగింది. ఒక్క అడుగు వేస్తే గదిలో ఉంటాడు. చెప్పు ఒకటి విడిచాడు కూడా. మళ్ళీ తొడుక్కున్నాడు.

"పోనీలే పిన్నీ. ఎంత కాలం కూర్చుంటావో చూస్తాను" అని వెళ్ళిపోయాడు.

మా ఆయన, "ఇంక చాలేమోనే. వాడికీ పిల్లలున్నారు" అన్నాడు.

"ఆ చెప్పు తొడుక్కోకుండా ఉంటే చాలు అనేదాన్ని" అన్నాను.

వేసవి ఆఖరికి వ్యాను అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని వేరే ఊరికి తోలుకుపోయాడు. స్టాండులో నూనె మరక ఒక్కటి మిగిలింది. నాకు జాలి కలుగుతుందేమోనని భయపడ్డాను. అన్నిటికీ భయపడేదాన్ని కదా, దానికీ భయపడ్డాను. కలగలేదు. ఆ నూనె మరక మీదుగా నడిచి వెళ్ళి, టీ తాగి, మళ్ళీ దాని మీదుగానే వచ్చాను.

మొదటి వాన పడిన మర్నాడు తాబేలు తాత కబురు తెచ్చాడు. హాస్టల్లో ఆ కుట్టు టీచరు మానేసిందట. మీ పిల్ల ఇప్పుడైనా వస్తుందా అని అడిగారట. అయితే రేపే రావాలట, లేకపోతే ఇంకొకరున్నారట.

లోపలికి పోయి చెప్పాను. మా పిల్ల మిషను చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. తిరిగింది! కిర్రుమంటూ, ఆగుతూ, మళ్ళీ తిరిగింది. ఎప్పటి నుంచి తిరుగుతోందో, నాకు చెప్పనేలేదు.

"బస్సులో పోతాను" అంది.

"వానకు బస్సు దారి తెగిందట తల్లీ. లాంచీ ఒక్కటే."

లాంచీ ఆ కట్ట పక్క నుంచే, ఆ స్తంభం పక్క నుంచే పోతుంది. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు.

"నువ్వు వచ్చి కూర్చుంటావా?" అంది.

"కదిలేదాకా కూర్చుంటాను." అంతకంటే నావల్ల కాదు. పీటలాంటి ఆ లాంచీ, కింద లోతు తెలియని నీళ్ళు. రేవుకు కట్టి ఉన్నప్పుడు కూడా నేను తాడు వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

మర్నాడు బస్సు లేదు కాబట్టి జనమంతా రేవు మీదే పడ్డారు. మా పిల్ల మిషను ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్కన, నా మూటతో. లాంచీ నిండిపోయింది. తాబేలు తాత సీట్లకు మించి ఒక్క ప్రాణిని ఎక్కించడు. ఎక్కడానికి వేసిన కొయ్య తీయడానికి వంగాడు. అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు రైట్‌రైట్. ఉతికిన చొక్కా, చేతిలో సంచి, గడ్డం గీసుకున్నాడు.

"తాతా, ఆగు ఆగు! సముద్రపు ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో లారీ పని ఇస్తామన్నారు. ఇవాళే చేరాలి."

తాత అతన్ని చూశాడు, నన్ను చూశాడు. "చోటు లేదురా. మీ పిన్ని దిగితేనే."

పిన్ని దిగుతుందని అందరికీ తెలుసు. అతనికి ఇంకా బాగా తెలుసు, ఆ పని నేర్పిందే అతను. మెట్టు మీద ఒక కాలు పెట్టి, పాత రోజుల్లోలాగా నవ్వాడు.

"లే పిన్నీ. నీ పని అయిపోయింది."

నా నడుం దానంతట అదే లేచింది. అన్నేళ్ళ అలవాటు. "అయ్యో, మర్చిపోయాను" అనే మాట నోట్లోకి వచ్చేసింది. మా పిల్ల నా కొంగు పట్టుకుంది. పట్టుకున్నట్టు కూడా దానికి తెలియదు, కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

మళ్ళీ కూర్చున్నాను.

"ఇవాళ నేను ప్రయాణం నాయనా."

"నువ్వా? ఎక్కడికి?"

"సముద్రానికి."

"వేళాకోళం చెయ్యకు పిన్నీ. ఇవాళ చేరకపోతే ఆ పని ఇంకొకడికి ఇచ్చేస్తారు."

"ఇస్తారు" అన్నాను. "అలాగే ఇస్తారు."

అతని నవ్వు పోయింది. మా పిల్ల వైపు చూశాడు. దాని ఒళ్ళో మిషను చూశాడు. ఆ రోజు గుమ్మంలో చెప్పనిది ఏదో అప్పుడు నోటిదాకా వచ్చినట్టుంది. నేను వినదలచుకోలేదు.

"కొయ్య తియ్యి తాతా. పోటు ఆగదు" అన్నాను.

తాత తీశాడు.

లాంచీ గట్టు వదలగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. మూట గట్టిగా పొట్టకు అదుముకుని, ఒక్కసారి వెనక్కి చూశాను. అతను రేవు మెట్లెక్కి గట్టు మీద నిలబడ్డాడు. బస్సు ఆగే చోటు వైపు చూశాడు. నూనె మరక వైపు చూశాడు. మళ్ళీ మా వైపు చూశాడు. ఏది ముందు పోతుందా అని వెతుక్కునే చూపు అది. నాకు బాగా తెలుసు. అలా చూసేవాళ్ళ కోసమే కదా అన్నేళ్ళు అతని వ్యానులో కూర్చున్నాను.

కట్ట పక్కకు వచ్చేసరికి రాళ్ళ మీదికి నీళ్ళు ఎక్కుతున్నాయి. మా పిల్ల వేలు చూపించలేదు, గడ్డం ఎత్తి చూపించింది. అప్పుడు చూశాను ఆ స్తంభాన్ని. రంగు పెచ్చులూడిన మామూలు స్తంభం. నా పిల్ల చేతికి సరిగ్గా పట్టేంత లావు. లాంచీ దాన్ని దాటిందాకా ఇద్దరం ఊపిరి పీల్చలేదు.

దాటాక మా పిల్ల నా కొంగు వదిలింది.

"అమ్మా, నువ్వు తిరిగి ఎలా వస్తావే?"

అది నేను ఆలోచించలేదు. చీకట్లో తాత లాంచీ తీయడు, వెనక్కి వచ్చేది రేపటి పోటుకే. బస్సు దారి తెగింది. వ్యానును నేనే పంపించేశాను. అక్కడ మా ఆయన సాయంత్రం దాకా చూసి, నేను కాలువలో పడ్డాననుకుని నా భయాలన్నీ తనే పడతాడు.

"వ్యాను ఉంటే బాగుండేది కదూ" అంది మా పిల్ల. నవ్వింది. ఆ వేసవి మొత్తానికి అదే మొదటి నవ్వు.

"అక్కర్లేదు" అన్నాను.

లాంచీ అవతలి రేవుకు ఆనింది. మార్చుకోవడానికి చీర లేదు, తల దాచుకోవడానికి తెలిసిన ఇల్లు లేదు. ఒళ్ళో పీలికల మూటతో, వణుకుతూ, నేను మొదటిసారి ఒక చోటికి చేరుకున్నాను.